సైనికుడి చొక్కా రంగు, కాళ్ళ కింది మట్టి

పావగడ కొండకోటకు కాపలా కాసిన పాలెగాడి బంటు ఒకడిని 28 మిల్లీమీటర్ల బొమ్మగా బల్ల మీద నిలబెట్టాలి. చేతిలో ఈటె, నడుముకు కత్తి, భుజాన జామగీ తుపాకి. కర్రకు కర్ర రంగు, ఇనుముకు ఇనుము రంగు వేసెయ్యవచ్చు. మరి తలపాగా ఎర్రదా, తెల్లదా? నడికట్టు ఏ రంగు? పంచె మోకాలి పైకి బిగించాడా, పిక్కల దాకా దిగిందా? చారిత్రక యుద్ధాలను బల్ల మీద ఆడేవాళ్ళకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కుంచె పట్టడం శ్రద్ధ ఉన్నవాడికి కొన్నాళ్ళలో వచ్చేస్తుంది. ఏ రంగు వెయ్యాలో తేల్చుకోవడమే ఓ పట్టాన తెమలదు. ఐరోపా సైన్యాల విషయంలో ఈ తగువు చాలావరకు తీరిపోయింది. మన సైన్యాల విషయంలో ఇంకా మొదలే కాలేదని నా అభిప్రాయం.

ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు. బల్ల మీద గుట్టలు, వాగులు, ఊళ్ళు అమర్చి, చిన్న సైనికుల బొమ్మలను దళాలుగా నిలిపి, కొలబద్దతో నడిపించి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకుంటారు. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్స్ తండ్రీకొడుకులు 1812లో ఒకటి, 1824లో దానికి మెరుగైనది ఒకటి తయారుచేసిన ఆటను అధికారుల శిక్షణకు వాడారు. అందులో బొమ్మల్లేవు, దిమ్మలే. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మలు పోతపోయడం మొదలుపెట్టాక బొమ్మ సిపాయి మామూలు ఇళ్ళలోకి వచ్చాడు. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' రాసి ఆ బొమ్మలతో పెద్దవాళ్ళు కూడా ఆడుకోవచ్చన్నాడు. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' వెలువడ్డాక ఇది ఒక తీరైన వ్యాపకంగా కుదురుకుంది. మిగతా చరిత్ర ఇక్కడ అక్కర్లేదు.

బొమ్మల ఎత్తును మిల్లీమీటర్లలో చెబుతారు: 6, 10, 15, 28, 54. ఎయిర్‌ఫిక్స్ వారు 1959 నుంచి తెచ్చిన మెత్తని ప్లాస్టిక్ సిపాయిలు సుమారు 1/72 కొలతవి. ఎత్తును బట్టి బొమ్మను అతికించే బేసు కొలతా మారుతుంది. 1990లో వచ్చిన డీబీఏ నియమావళి 15 మి.మీ. బొమ్మలకు బేసు వెడల్పు 40 మి.మీ. అని తేల్చింది. కిక్కిరిసి నిలబడే బరువు కాల్బలానికి లోతు 15, గుర్రాలకు 30, ఏనుగుకు 40 మి.మీ. ఈ లెక్క వెనక ఒక ఆలోచన ఉంది. నలుగురు భుజం భుజం కలిపి నిలబడ్డ బేసును చూడగానే అది కదలని గోడ అని తెలియాలి. ఇద్దరే ఎడంగా ఉన్న బేసును చూస్తే కొట్టి పారిపోయే దళం అని తెలియాలి. కర్ణాటక, రాయలసీమ పాలెగాళ్ళ బంట్లు ఎక్కువగా ఈ రెండో తరహా. బోయవాళ్ళు రాళ్ళ చాటున నక్కి తుపాకి పేల్చి ఇంకో గుట్ట ఎక్కేవాళ్ళు. వాళ్ళను ప్రష్యా పదాతిలా వరస కట్టిస్తే రంగెంత బాగా వేసినా బొమ్మ అబద్ధం చెప్పినట్టే.

రంగులు వేసే పద్ధతుల్లో మూడు దారులున్నాయి. ఒకే రంగులో ముదురు, నడిమి, లేత అని మూడు ఛాయలు తీసుకుని ఒకదాని మీద ఒకటి తగ్గించుకుంటూ వెయ్యడం ఒకటి. చదునుగా రంగు వేసి, పైన నీళ్ళలాంటి ముదురు రంగు పారించి, అది మడతల్లోకి దిగాక మిట్టల మీద పొడి కుంచెతో లేత రంగు రుద్దడం రెండోది. తెల్లని ప్రైమర్ (అడుగు పూత) మీద ఒక్క పూతతోనే నీడా వెలుగూ వచ్చేసే కొత్త రంగులు మూడోది. 2019లో సిటడెల్ సంస్థ 'కాంట్రాస్ట్' పేరుతో తెచ్చాక ఇది బాగా పాకింది. మొదటి దారివాళ్ళు మూడో దారివాళ్ళను బద్ధకస్తులంటారు. ఒక్క బొమ్మను అద్దాల బీరువాలో పెట్టుకునేవాడికి మొదటిదే సరి. వంద బొమ్మలు కావలసినవాడు రెండోది పడితే సైన్యం పూర్తవుతుంది, మొదటిది పడితే ఎనిమిది బొమ్మలకే ఆగిపోతుంది.

పావగడ లాంటి ఎండ ఊళ్ళో ఇంకో తిప్పలుంది. పుస్తకాలన్నీ చలిదేశపు వాతావరణానికి రాసినవి. ఏప్రిల్ మధ్యాహ్నం డాబా మీద స్ప్రే ప్రైమర్ కొడితే అది బొమ్మను చేరేలోపే గాలిలో ఆరి, గరుకు పొడిలా అంటుకుంటుంది. దాని మీద ఏ రంగూ నున్నగా రాదు. తెల్లవారుజామున, గాలి లేనప్పుడు కొట్టాలి, లేదా కుంచెతోనే పూయాలి. అక్రిలిక్ రంగు కుంచె మీదే గట్టిపడుతుంది కాబట్టి పళ్ళెంలో తడి స్పాంజి, దాని మీద నూనె కాగితం పరిచి రంగు కలుపుకోవాలి. లోహపు బొమ్మనైనా, ప్లాస్టిక్ బొమ్మనైనా ముందు సబ్బు నీళ్ళలో కడగాలి. అచ్చు నుంచి విడిపించడానికి వాడిన జిడ్డు పోకపోతే రంగు పెచ్చులూడుతుంది. పాత బొమ్మలైతే సీసం ఉంటుంది. ఆకురాయి పట్టిన చేత్తో వేరుశనక్కాయలు వలుచుకుని తినకండి.

చూపు దూరం గురించి ఈ వ్యాపకంలో ఏళ్ళ తరబడి చర్చ నడిచింది. బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని చూడం, చేయి చాచినంత దూరంలో చూస్తాం. కాబట్టి నీడను నిజం కంటే ముదురుగా, వెలుగును నిజం కంటే తెల్లగా వెయ్యాలని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మన బొమ్మల పనివాళ్ళకు ఇది పాత పాఠమే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళు మేకతోలును పలచగా గీకి, దీపం వెలుగు దాటేలా రంగులద్ది, నగల చోట చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. తెర ముందు దూరాన కూర్చున్నవాడికి ఆ రంధ్రాలే ముత్యాల్లా మెరవాలి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో అంగాలు చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూత వేసి ఆరాకే రంగుకు దిగుతారు. ఆ సుద్ద పూత చేసేది మన ప్రైమర్ చేసే పనే. కొండపల్లి అంబారీ ఏనుగు మీది మావటి కళ్ళు చూడండి. ముఖానికి మించిన కళ్ళు, నల్లని ఒక్క గీత. గది అవతల నుంచి కూడా వాడు ఎటు చూస్తున్నాడో తెలుస్తుంది. 28 మి.మీ. బొమ్మకు కనుపాప దిద్దడం అవసరమా అని పడమటివాళ్ళు రెండు పక్షాలుగా కొట్టుకుంటారు. కొండపల్లి పక్షానికే నా ఓటు.

ఇక రుజువుల సంగతి. 1815 వాటర్లూ యుద్ధంలో ఏ రెజిమెంటు కాలరు ఏ రంగో చెప్పడానికి సైన్యపు ఉత్తర్వులు, దర్జీల బిల్లులు, మిగిలిన కోట్లు ఉన్నాయి. బొత్తాలు లెక్కపెట్టేవాళ్ళని ఆ రంగపు పండితులకు వెటకారపు పేరు కూడా ఉంది. దక్షిణాపథానికి వచ్చేసరికి ఆ జాగ్రత్తంతా ఎగిరిపోతుంది. ప్రాచీన, మధ్యయుగ ఆటల సైన్య పట్టికల్లో ఎన్నో శతాబ్దాల రాజ్యాలు 'హిందూ ఇండియన్' అన్న ఒక్క గంపలో పడ్డాయి. దాన్ని నమ్ముకున్నవాడు నొళంబుల సైనికుడికీ కృష్ణరాయల సైనికుడికీ ఒకే తెల్ల పంచె, ఒకే ఎర్ర తలపాగా వేసి చేతులు దులుపుకుంటాడు. కానీ పావగడ నుంచి ఒక పూట ప్రయాణంలోనే ఆ తేడా చూపించే సాక్ష్యాలున్నాయి.

మొదటి సాక్ష్యం వీరగల్లు. నొళంబుల రాజధాని హెంజేరు, ఇప్పటి హేమావతి, మడకశిర వైపున పావగడకు ఇరుగుపొరుగే. పావగడ తాలూకాలోనే నిడుగల్లు కొండ ఉంది. చోళులమని చెప్పుకున్న తెలుగు రాజులు అక్కడి నుంచి ఏలారు. ఈ నేలంతటా ఊరి పొలిమేరల్లో వీరగల్లులు నిలబడి ఉంటాయి. కింది అంతస్తులో పోరు, మధ్యలో వీరుణ్ణి తీసుకుపోయే అప్సరసలు, పైన దేవుడి సన్నిధి. బేగూరులో దొరికి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న సుమారు క్రీ.శ. 900 నాటి వీరగల్లు మీద వీరమహేంద్రుడనే రాజుతో పోరాడి పడిపోయిన నాగత్తరుడి యుద్ధం చెక్కారు. ఏనుగులు, గుర్రాలు, విల్లు లాగే బంట్లు, కింద తొక్కుడుపడ్డ శవాలు. కత్తి ఆకారం, డాలు పరిమాణం, జుట్టుముడి, నడికట్టు పట్టిన తీరు, ఒంటి మీద చొక్కా లేకపోవడం, అన్నీ ఇక్కడ తెలుస్తాయి. శిల్పం చెప్పనిది రంగొక్కటే. ఆకారం కావలసినవాడు పుస్తకాల కంటే ముందు వీరగల్లు దగ్గరికి వెళ్ళాలి.

రంగు కోసం లేపాక్షి వెళ్ళాలి. అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు, కాస్త ఆకుపచ్చ, అన్నీ మట్టి రంగుల పొందికే. ఆ సోదరులూ పరివారమూ పొడవాటి కుళ్ళాయిలు పెట్టుకుని నిలబడి ఉంటారు. కుళ్ళాయి, కబాయి అనే నిలువెత్తు అంగీ విజయనగర దర్బారు వేషం. ముస్లిం ప్రపంచపు రాజదర్బార్ల నుంచి వచ్చిన ఆ మోస్తరును విజయనగర రాజులు ఇష్టపడే తొడిగారని చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో ఒక వ్యాసంలో చర్చించాడు. బల్లాట ఆడేవాడికి దీనితో పెద్ద పనే ఉంది. నాయకుడి బొమ్మకు ఒంటి మీద బట్ట లేకుండా కిరీటం పెడితే అది సినిమా రాజవుతుంది. తెల్లని కబాయి, పొడుగు కుళ్ళాయి, నడుముకు పట్టు ఉత్తరీయం వేస్తే లేపాక్షి పెద్దమనిషి అవుతాడు. హంపి హజారరామాలయపు ప్రాకారం మీద వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, సైనికులు సాగుతారు. లేపాక్షి రంగును ఆ రూపాలకు వేసి చూస్తే చాలా ఖాళీలు పూడుతాయి.

మూడో సాక్షి పోర్చుగీసు ప్రయాణికుడు దొమింగో పాయెస్. కృష్ణరాయల కాలంలో విజయనగరానికి వచ్చి మహర్నవమి నాటి సైన్య సందర్శనాన్ని రాసిపెట్టాడు. గుర్రాల నుదుట పూత పోసిన పలకలు, వాటి అంచున రంగురంగుల పట్టు కుచ్చులు, మెత్తపెట్టి కుట్టిన అంగీలు, అద్దాల్లా తళతళలాడే డాళ్ళు. ఆయన మాట నమ్మదగిందే. అయితే ఆయన చూసింది పండగ కవాతు. రాయచూరు యుద్ధ మైదానంలో మే నెల ఎండలో అదే సైనికుడు అంత తళతళగా ఉంటాడా? ముందు వరసకు పాయెస్ రంగులు, వెనక వరసలకు కోరా బట్ట, ఇదీ నా తీర్పు. కోరా బట్టను మల్లెపువ్వు తెలుపు వెయ్యడం కొత్తవాళ్ళంతా చేసే పొరపాటు. లేత ఊక రంగు పూసి, మడతల్లో చిక్కని గోధుమ నీడ దించి, మోకాలి మీద, భుజం మీద మాత్రమే తెలుపు తగిలించాలి.

శ్రీరంగపట్టణం దరియా దౌలత్ మహలు గోడల మీది పొల్లిలూరు యుద్ధ చిత్రాన్ని చాలామంది రంగుల పట్టికలా వాడుకుంటారు. 1780 సెప్టెంబరు 10న జరిగిన ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ ఎర్రకోట్ల చతురస్రం, మధ్యలో పేలుతున్న మందుగుండు బండి, పల్లకీలో వేలు కొరుక్కుంటున్న ఇంగ్లీషు సేనాని బెయిలీ, బారులు తీరిన మైసూరు గుర్రాలు. చూడవలసిందే. అయితే ఆ గోడలను తర్వాతి పాలకులు ఒకటికి రెండుసార్లు తిరిగి రంగులు వేయించారు. ఇవాళ కనిపించే ఎరుపు టిప్పు నాటి ఎరుపే అనుకోవడం తొందరపాటు. టిప్పు పదాతి ఊదారంగు బట్ట మీద పులిచారల మచ్చలున్న చొక్కాలు తొడిగేదని ఎదురుపక్షంవాళ్ళూ రాశారు కాబట్టి అది మాత్రం గట్టి మాట.

గోడలూ రాతలూ దొరకని చోట అద్దకం పని సాయపడుతుంది. రసాయన రంగులు రాకముందు ఈ నేల మీద బట్టకు ఏ రంగు పట్టించగలిగారు? చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం, కరక్కాయ, పసుపులతో పసుపు, ఇనుపముక్కలూ బెల్లమూ పులియబెట్టి నలుపు. ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు ముంచాలి, అంటే రెండు ముంపుల ఖర్చు. మామూలు బంటు నడికట్టుకు ఆకుపచ్చ వెయ్యబోయే ముందు ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో ఆలోచించాలి. మాన్యం అనుభవిస్తూ, పిలుపు వస్తే సొంత ఆయుధం పట్టుకొచ్చే కట్టుబడి బంటుకు సర్కారు చొక్కా కుట్టించి ఇవ్వలేదు. కాబట్టి పాలెగాడి దళంలో ఇద్దరి బట్టలు ఒకేలా ఉండకూడదు. కోరా తెలుపు ఎక్కువ, చిరివేరు ఎరుపు కొంత, నీలం అక్కడక్కడ. ఉతికి ఉతికి వెలిసిన ఎరుపు గులాబీ వైపు పోతుంది, దాన్ని కూడా ఒకరిద్దరికి వెయ్యండి. ఒంటి రంగు కోసం దొరికే సీసాలు ఎక్కువగా తెల్లవాళ్ళ చర్మానికి కలిపినవే. ముదురు గోధుమలో కాస్త ఎరుపు కలిపి మొదలుపెట్టి, ముక్కు మీదా చెక్కిళ్ళ మీదా ఇటుక రంగుతో వెలుగు తేవాలి. నలుపు కలిపితే మనిషి బూడిద బొమ్మలా తయారవుతాడు.

ఇంత చేసినా చొక్కా రంగు విషయంలో మనది ఊహే. బేసు విషయంలో ఊహ అక్కర్లేదు, ఎందుకంటే ఆ మట్టి ఇప్పటికీ అక్కడే ఉంది. విచిత్రంగా, ఈ వ్యాపకంలో అందరూ ఆఖరి గంటలో ముగించేది ఈ బేసు పనే. కొన్న గడ్డి చల్లి, ఫెవికాల్ ఆరకముందే ఆటకు దిగుతారు. ఆ గడ్డి ఇంగ్లండు పచ్చిక రంగు. మన రాజులు విజయదశమి దాటాక, వానలు వెనక్కి తగ్గాక దండెత్తేవాళ్ళు. రక్కసి తంగడి యుద్ధం 1565 జనవరి 23న. రాయచూరు యుద్ధం 1520 మే నెలలో. జనవరిలో గడ్డి పసుపు, మేలో గడ్డే ఉండదు. పైగా ఆ రెండు యుద్ధాలూ కృష్ణ వైపు నల్లరేగడి మీద. అదే సైన్యం తర్వాత రాజధానిని మార్చుకున్న పెనుకొండ దగ్గర నిలిస్తే నేల ఎర్రటి గరప. విజయనగర సైన్యం చేసుకునేవాడు ముందు ఏ యుద్ధమో తేల్చుకుని తర్వాత బేసు చెయ్యాలి. రెంటికీ ఒకే నేల వేసేస్తే కాళ్ళ కింది ఊరే మారిపోతుంది.

పావగడ నేలకు సరంజామా పావగడ నేలే. చేను గట్టు మీది ఎర్రమట్టి దోసెడు చాలు. దాన్ని పెనం మీద వేయించాలి, లేకపోతే విత్తనాలో పురుగులో బేసు మీద మొలకెత్తుతాయి. తర్వాత రవ్వ జల్లెడలో ఒకసారి, సన్న జల్లెడలో ఒకసారి పట్టాలి. కొలత ఇక్కడే ముఖ్యం. 28 మి.మీ. బొమ్మకు లోకం సుమారు అరవైవంతులకు కుదించుకుపోతుంది. 1 మి.మీ. గులక అంటే 6 సెంటీమీటర్ల రాయన్నమాట. జల్లెడలో ఆగిన మొరం పిడికెడు రాళ్ళవుతుంది, దిగిన పొడి నేలవుతుంది. బేసుకు ఫెవికాల్ పూసి ముందు మొరం నాలుగు చోట్ల పెట్టి, తర్వాత పొడిలో అద్దాలి. జిగురు తాగిన మట్టి అసలు కంటే ముదురవుతుంది. ఆరాక లేత ఇటుక రంగుతో, ఆపైన మరీ లేత చందనపు రంగుతో పొడి కుంచె ఆడిస్తే ఎండలో చూసిన నేల తిరిగి వస్తుంది. పావగడ కొండల మీది గుండ్లకు చిన్న చెకుముకి ముక్కలు పనికిరావు. అవి కోసుగా ఉంటాయి, గుండ్లు గాలీ వానా అరగదీసినవి. గుండ్రని వాగు రాళ్ళకే బూడిద, గులాబీ, తుప్పు చారలు వెయ్యాలి. బొమ్మల కొలువు మెట్ల కింద ఇసక గుట్టలు పోసి రాగులూ ఆవాలూ మొలిపించిన ఇళ్ళలో ఈ విద్య ఒకరికైనా వచ్చి ఉంటుంది, వాళ్ళనడగండి.

మొక్కల దగ్గర ఇంకా పెద్ద పొరపాట్లు జరుగుతాయి. ఇవాళ పావగడ దారుల్లో కంటికి కనిపించేది సర్కారు తుమ్మ. అది అమెరికా ఖండం నుంచి తెచ్చినది, 19వ శతాబ్దం రెండో సగంలో గానీ ఈ దేశంలో నాటలేదు. పాలెగాడి బంటు పక్కన దాన్ని పెట్టకూడదు. వేరుశనగ చేను కూడా అంతే. అమెరికా పంట, ఈ సీమలో అంతంత చేలుగా పరుచుకున్నది ఆ తర్వాతే. కలబంద పొదల్లాంటి కిత్తనారా ఆవలి ఖండపుదే. తంగేడు, ఈత, బొమ్మజెముడు, జువ్వి, బలుసు, కోసిన రాగి, సజ్జ, కొర్ర మొదళ్ళు పెట్టుకోండి. చీపురు పుల్లల కొసలు మొదళ్ళకు సరిపోతాయి. తిరుమణి వైపు 13,000 ఎకరాల సౌర పలకలను బేసు మీద పెట్టాలనుకునేవాడు ఇంకా రాని యుద్ధం ఏదో ఆడుకోవాలి.

పక్కా కొలతల సైన్యాలు, పోటీల్లో బహుమతులు, ఖరీదైన స్పెయిను రంగులు, ఇవన్నీ ఈ వ్యాపకంలో ఉండేవే. మనకు ముందు కావలసింది లెక్క రాసిపెట్టే అలవాటు. బేసు అడుగున అంగుళం జాగా ఖాళీగా ఉంటుంది. సన్న పెన్నుతో అక్కడ రాయండి: డాలు ఫలానా ఊరి వీరగల్లు నుంచి, అంగీ లేపాక్షి కప్పు నుంచి, మట్టి ఫలానా చేను నుంచి, తలపాగా రంగు నా ఊహ. రేపు ఇంకొకరు అదే బంటుకు రంగు వెయ్యబోతే, మార్చవలసింది తలపాగా ఒక్కటేనని వాళ్ళకు తెలుస్తుంది.